ఖాళీగా ఉన్న ఏడు రోజులు

కోట వీధి, విశాఖపట్నం
మే 11

శుభాకర్ మావయ్యకి,
అనమ్ సలాములు.

మీరు బాగున్నారని తలుస్తాను. ముందు ఫోనే చేశాను. మీ తమ్ముడుగారు ఎత్తి, "అన్నయ్యకి ఇనపడదమ్మా. ఇనప రేకులు కొట్టే ప్లేటు షాపులో ముప్పై ఏళ్లు సుత్తి దెబ్బలు తిన్న సెవులు. ఏటున్నా కాయితం మీద రాసీ, సదువుకుంటాడు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

నేను రఫీ కూతుర్నని వేరే చెప్పాలా? మీరూ నాన్నా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు కాబట్టి నాకు మీరు మావయ్యే. నాన్న క్రేను కింద పోయి పదకొండేళ్లయింది. మీరు మా గుమ్మం తొక్కి కూడా అన్నేళ్లే అయింది. ఎందుకు రాలేదని ఇప్పుడు అడగను. నాకు మీతో పనిబడింది.

పోర్టులో బొగ్గు మోసే బెల్టు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు దగ్గర నేను స్టోరు చూస్తున్నాను. మా ప్లానింగు ఇంజనీరు పోయిన నెల మానేశాడు. సైటు మేనేజరు గంగాధరరావు గారు నన్ను పిలిచి, "డిప్లొమా సదివావు కదమ్మా, బోల్టు పోయినా నట్టు పోయినా నీకే తెలుస్తాది. ఆ కుర్చీలో కూసో" అన్నారు. కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది అది ఎంత ఎత్తుగా ఉందో.

జూన్ 23న బెల్టు ఆపుతారు. తుప్పు పట్టిన పన్నెండు స్తంభాలు తీసి, కొత్తవి నిలబెట్టి, జూలై 22న బెల్టు తిప్పాలి. ముప్పై రోజులు. తిరగకపోతే వచ్చే ఏడాది పని మాకు ఇవ్వరు. యాభై నాలుగు మంది గేటు పాసులు రద్దవుతాయి. నాదీ అందులో ఒకటి. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

ద్వారకా నగర్‌లో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మూలసూత్రాలు నేర్పుతామంటే ఆదివారం క్లాసులో చేరాను. సారు స్కోపు అంటాడు, మైల్‌స్టోన్ అంటాడు, రిస్కు రిజిస్టరు అంటాడు. నేను తల ఊపి రాసుకుంటాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు. పరీక్షయితే బట్టీ పట్టి గట్టెక్కేదాన్ని. మావయ్యా, మీరు ఇరవై ఏళ్లు ఇదే పని చేశారని నాన్న చెప్పేవాడు. నాకు నేర్పండి. అడగడానికి ఇంకెవరూ లేరు.

అమ్మకి ఈ ఉత్తరం సంగతి తెలియదు.

మీ
అనమ్


బొబ్బిలి
మే 19

చిరంజీవి అనమ్‌కి,
మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ నాన్న దస్తూరీయే వచ్చింది నీకు, కోడి కెలికినట్టు. అది చూసి కాసేపు కళ్లజోడు తీసి పక్కన పెట్టుకున్నాను.

ఆ ఇంగ్లీషు మాటలకి హడలిపోకు. అవి తెలియకుండానే మేం ఆ పనులన్నీ చేశాం. స్కోపు అంటే ఏం చేస్తావో, ఏం చెయ్యవో ముందే ఒప్పుకోవడం. వంటవాడితో పెళ్లి వంట మాట్లాడేటప్పుడు ఎంతమందికి, ఏయే కూరలు, వడ్డన ఎవరిది అని అడగవూ, అంతే.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. పాత కేలండరు కాగితాలు చింపి చీటీలు చేసుకో. చీటీకి ఒక్క పనే రాయి. "స్తంభం నిలబెట్టుట" అని రాసి ఊరుకుంటే కుదరదు, అందులో తొమ్మిది పనులున్నాయి. అన్నీ నేలమీద పరిచి ఒక్కో చీటీనీ అడుగు: నీకంటే ముందు ఏది అయిపోవాలి? నువ్వు ఆగితే నీ వెనక ఎవరు ఆగిపోతారు? అలా వరసలు కలుపుకుంటూ పో. మొదటి రోజునుంచి ఆఖరి రోజు దాకా ఎక్కడా సందు లేని వరస ఒకటి తేలుతుంది. నీ ప్రాణం దాని మీద పెట్టుకో. మిగతావాటికి ఒకటి రెండు రోజులు వెసులుబాటు ఉంటుంది.

ఏ పనికి ఎన్ని రోజులో నీ అంతట నువ్వు రాయకు. చేసేవాణ్ని అడుగు. మూడు రోజుల పనికి ఐదు అంటాడు, రెండు భయానికి కలుపుతాడు. పోట్లాడకు. దేనికి భయమో అడిగి ఇంకో కాగితం మీద రాసుకో. మీ సారు రిస్కు రిజిస్టరు అంటున్నది ఆ భయాల కాగితాన్నే.

ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఎవరైనా చార్టు మార్చి సంతకం పెట్టమంటే, పెట్టే ముందు నాకు రాయి. ఎంత తొందరైనా సరే.

మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు. వద్దులే, చెప్పకు.

మావయ్య
శుభాకర్


కోట వీధి
జూన్ 8

మావయ్యా,

డెబ్బై ఒక్క చీటీలు! ముందు గది నిండా పరిచాను. అమ్మ రెండు రోజులు ఊడవలేక, "ఏం పేకాట ఇది బేటీ" అని తిట్టుకుంటూ గోడవారగా నడిచింది. మూడోరోజుకి ఆ సందు లేని వరస దొరికింది. ఆదివారం క్లాసులో సారు క్రిటికల్ పాత్ అని బోర్డు మీద రాస్తే, నా పక్కనున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి కంటే ముందు నేనే చెయ్యెత్తాను.

వరస ఇది. పాత స్తంభాలు తీయడం, గుంతలు చెక్కడం, బోల్టులు దించడం, వాటి చుట్టూ సిమెంటు పోయడం, అది గట్టిపడేదాకా ఏడు రోజులు ఆగడం, కొత్త స్తంభాలు నిలబెట్టడం, బెల్టు. జూలై 9న సిమెంటు పోస్తాం. 16 దాకా ఆగి, 17న మొదటి స్తంభం ఎత్తుతాం. ఆ ఏడు రోజుల గీత ఎదురుగా మనుషుల గడి ఖాళీగా ఉంది. తడి గోనెలు కప్పి నీళ్లు చల్లడం ఊడ్చేవాళ్లే చూసుకుంటారు. కంప్యూటరు కూడా ఊరుకోక, ఇక్కడ మనుషుల్ని పెట్టలేదు అని ఎర్రగా చూపిస్తోంది.

నాలుగు పేజీల చార్టు, ఆఖర్న కేలండరు జతచేశాను. తప్పులుంటే దిద్దండి.

ఇంకోటి అడుగుతాను. కోపగించుకోకండి. నాన్న ఆఖరి పనికి ప్లాను ఎవరు వేశారు? ఎంక్వయిరీలో నాన్న క్రేనుకి ఈలతో తప్పు సిగ్నలు ఇచ్చాడని రాశారు. స్తంభం ఒరిగి తను పోయాడు, పక్కనున్న నూకాలు కాలు పోయింది. అమ్మ ప్రతి రంజానుకీ షీర్ ఖుర్మా గిన్నెలో పోసి నూకాలు ఇంటికి పంపిస్తుంది. వాళ్లావిడ పైడితల్లి మూత కూడా తియ్యకుండా తిప్పి పంపుతుంది. పదకొండు గిన్నెలు తిరిగొచ్చాయి. అమ్మ వాళ్ల వీధిలోంచి తలెత్తి నడవదు. ఇరవై రెండేళ్లు ఈల పట్టుకున్నవాడు ఆ ఒక్కరోజు ఎలా తప్పాడు మావయ్యా? మీరు అక్కడే ఉన్నారు కదా.

అనమ్


బొబ్బిలి
జూన్ 15

అనమ్‌కి,

నీ చార్టు అందింది. బాగానే వేశావు.

ఆ పని ప్లాను ఎవరు వేశారో నాకు గుర్తు లేదు. చాలామంది ఉండేవారు. పాత సంగతులు తవ్వి నువ్వు చేసేది ఏమీ లేదు. నీ పని నువ్వు చూసుకో.

ఇంక రాయలేను.

శుభాకర్


పోర్టు యార్డు
జూలై 10

మావయ్యా,

పోయిన ఉత్తరం చూసి మళ్లీ మీకు రాయకూడదనుకున్నాను. మాట తప్పి రాస్తున్నాను. నేను మునిగిపోయాను.

మొన్న ఐదో తారీకున మా సిగ్నలు మేను సాకిబ్ వచ్చి, "అక్కా, తొమ్మిదిన సిమెంటు ఎవడు పోత్తాడు? మనోళ్లు ముప్పై ఎనిమిది మంది కొండ సుట్టూ తిరగడానికి ఎల్తన్నారు" అన్నాడు. ఆషాఢ పున్నమి. సింహాచలం గిరి ప్రదక్షిణ. మావయ్యా, చిన్నప్పటినుంచీ ఏటా ఆ రోజు అమ్మా నేనూ నడిచేవాళ్లకి మజ్జిగ పోసేవాళ్లం. ఈ ఊళ్లో పుట్టి పెరిగి నేను ఆ రోజు మరిచిపోయాను. కంప్యూటరు కేలండర్లో ప్రభుత్వ సెలవులు ఉన్నాయి, అదొక్కటీ లేదు. నేనూ చూసుకోలేదు.

మేస్త్రీని నిలదీశాను, ముందే ఎందుకు చెప్పలేదని. ఆయన నన్ను వింతగా చూసి, "అప్పన్న పున్నానికి పనేటమ్మా? అది ఒకలు సెప్పాలేటి?" అన్నాడు. ఆయన తప్పు లేదు. మీరు చెప్పినట్టే అందరినీ రోజులు అడిగాను. వాళ్లు ఆ రోజు పని ఉండదనుకునే లెక్క చెప్పారు. నేను దాన్నీ పనిరోజుగా కలిపేసుకుని గీత గీశాను.

బోల్టులు తెచ్చే ట్రైలరు ఆనందపురం దాటి రాలేదు. రోడ్లన్నీ జనం. నిన్నా ఇవాళా యార్డులో నేనూ, కాపలావాడూ, పన్నెండు ఖాళీ గుంతలూ. రేపు వచ్చేవాళ్లు బొబ్బలెక్కిన కాళ్లతో వస్తారు. సిమెంటు పన్నెండున పోస్తాం. మూడు రోజులు పోయాయి. ఆ వరసలో సందు లేదు, ఎక్కడా లేదు, డెబ్బై ఒక్క చీటీలూ మళ్లీ పరిచి చూశాను.

గంగాధరరావు గారు చార్టు మీద వేలుపెట్టి, "ఇదేటి, ఈ ఏడు రోజులూ మనుసులే లేరు? ఖాళీగా ఉన్న రోజులే కదమ్మా. మూడు కొట్టీ, నాలుగు సేసీ. బెల్టు ఇరవై రెండుకే తిరిగిపోద్ది" అన్నారు. పదమూడో తారీకు పొద్దున్న కొత్త చార్టు మీద నా సంతకం కావాలట. లేకపోతే యాభై నాలుగు మంది ఇళ్లకీ వెళ్లి నేనే చెప్పుకోవాలట, నా మతిమరుపు వల్ల వాళ్ల పాసులు పోయాయని. ఆ మాట నిజమే కదా.

నాలుగు రోజులు చాలా మావయ్యా? మీరు ఒక్కమాట, చాలు అని రాయండి. కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాను. ఈ కవరు ఆర్టీసీ కాంప్లెక్సులో బొబ్బిలి బస్సు డ్రైవరు చేతిలో పెడుతున్నాను. ఆ డ్రైవరు చేతే జవాబు పంపండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

అనమ్


బొబ్బిలి
జూలై 11

అమ్మా అనమ్,

చాలదు.

ఆ ఒక్క మాటతో ఆపేద్దామని కలం కింద పెట్టాను. మళ్లీ తీశాను.

పదకొండేళ్ల కిందట మీ నాన్న పనికి ప్లాను వేసింది నేనే. పెన్సిలుతో గీసేవాళ్లం అప్పుడు. సిమెంటు గట్టిపడే గీత ఏడు రోజులు గీశాను. అప్పుడూ వాన వల్ల పని వెనకబడింది. పైవాళ్లు ఖాళీ గడి చూపించి ఇదే మాట అన్నారు. నేను రబ్బరు తీసుకుని మూడు రోజులు చెరిపేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చెరిపించలేదు. ఆ ఏడాది రిటైరయ్యేలోపు ఒక ప్రమోషను వస్తుందని ఆశ ఉండేది.

ఐదో రోజు పొద్దున్న స్తంభం ఎత్తాలి. రఫీ గుంత దగ్గర వంగి సిమెంటుని గోటితో గీకి చూశాడు. లేచి వచ్చి, "బావా, ఇది ఇంకా పచ్చిగా ఉన్నాది. నాను ఈల ఊదను" అన్నాడు. నేను, "నా మాట మీద ఎత్తించు బావా, నానున్నాను కదా" అన్నాను. నా మాట మీద ఊదాడు. సిగ్నలు సరిగ్గానే ఇచ్చాడు. వేలెడు తేడా లేదు. హుక్కు వదిలాక బోల్టులు సిమెంటుతో సహా ఊడొచ్చాయి.

ఎంక్వయిరీలో కాగితం రాసి తెచ్చారు, సిగ్నలు తప్పని. చనిపోయినవాడికి కొత్తగా వచ్చే నష్టం ఏముంది శుభాకర్, అన్నారు. సంతకం పెట్టాను. ప్రమోషను వచ్చింది. మీ గుమ్మం ఎందుకు తొక్కలేదో అడిగావు. మీ అమ్మ నాకు టీ ఇస్తుందని భయం.

నువ్వు పంపిన చార్టు ఆఖరి పేజీలో కేలండరు ఉందన్నావు. నేను ఆ పేజీ తిప్పలేదు. నాన్న గురించి నువ్వడిగిన చోటే ఆగిపోయి అన్నీ పెట్టెలో పడేశాను. తిప్పి ఉంటే ఆ తొమ్మిదో తారీకు ఏ రోజో నాకు తట్టేది. ఆ కొండ చుట్టూ తిరిగేవాళ్లతో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని నేను. కాబట్టి ఈ మూడు రోజులు పోయింది నీ ఒక్కదాని వల్ల కాదు. నాకు తప్పించుకోవడం అలవాటైపోయింది, అందుకు ఇప్పుడు నువ్వు బలవుతున్నావు.

రెండు కాగితాలు జత చేశాను. ఒకటి నా మొదటి చార్టు. రెండోది చెరిపిన చార్టు, నా సంతకంతో. చెరిపిన చోట పాత గీత ఇంకా కనిపిస్తుంది. ఇన్నేళ్లూ చింపలేకపోయాను, చూపించలేకపోయాను. గంగాధరరావుకి చూపించు, పోలీసులకి చూపించు, నీ ఇష్టం. సంతకం మాత్రం పెట్టకు తల్లీ. నీ కాళ్లు నేను పట్టుకుంటాను.

క్షమించమని అడిగే ముఖం లేదు.

శుభాకర్


కోట వీధి
జూలై 27

శుభాకర్ గారికి,

మావయ్య అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పదమూడున సంతకం పెట్టలేదు. మీ రెండు కాగితాలూ గంగాధరరావు గారి బల్ల మీద పరిచాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "నానేటి సెయ్యను తల్లీ, నా పైన కూడా మనుసులున్నారు" అని తన పెన్ను తీశారు. నా బదులు ఆయనే సంతకం పెట్టారు.

నేను బయటికొచ్చి టీ డబ్బా దగ్గర యాభై నాలుగు మందికీ ఆ కాగితాలు చూపించాను. ముందు నా తప్పు చెప్పాను, ప్రదక్షిణ రోజు మరిచిపోయానని. తర్వాత నాన్న సంగతి చెప్పాను. పాసులు పోవచ్చని కూడా చెప్పాను, దాచలేదు. సాకిబ్ మెడలో ఈల తీసి జేబులో పెట్టుకుని, "ఏడు రోజులయ్యేదాకా నాను ఊదను. క్రేను వోడు ఈల లేకుండా ఎత్తుతానంటే ఎత్తుకోమను" అన్నాడు. క్రేను ఆపరేటరు కిందికి దిగి టీ అడిగాడు.

స్తంభాలు ఇరవైన లేచాయి. పన్నెండూ నిలబడ్డాయి. బెల్టు ఇరవై ఐదున తిరిగింది. నిన్న కాగితం వచ్చింది, వచ్చే ఏడాది పని మాకు లేదు. ముప్పై ఒకటి దాకానే పాసులు. గంగాధరరావు గారికీ అదే తారీకు. కొందరు నాకు దణ్ణం పెట్టి వెళ్లారు. కొందరు మొహం తిప్పుకున్నారు. నిన్న ఒకాయన భార్య మా గుమ్మం ముందు నిలబడి, "మా పిల్లల కూడు తీసీసినావు కదే" అని ఏడ్చింది. ఆమె వెళ్లిపోయాక అదే గుమ్మంలో కూర్చుని నేనూ ఏడ్చాను. వచ్చే నెల ఏం తింటామో నాకూ తెలియదు.

ఆఖరిసారి చార్టు ముద్రించి గోడకి అంటించాను. ఏడు రోజుల గీత ఎదురుగా మనుషుల గడి ఇప్పుడు ఖాళీగా లేదు. అందులో రెండు పేర్లు రాశాను. రఫీ, నూకాలు.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి తెలుగు చదవడం రాదు. "సిగ్నలు సరిగ్గానే ఇచ్చాడు" అన్న చోట ఆపి, మళ్లీ చదవమంది. మళ్లీ మళ్లీ చదివించుకుంది. తర్వాత బురఖా వేసుకుని ఉత్తరం పట్టుకుని నూకాలు ఇంటికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. ఆ వీధిలో అమ్మ తలెత్తి నడవడం ఇదే మొదటిసారి చూశాను. నూకాలు కర్ర పక్కన పెట్టి ఉత్తరం తనే చదువుకున్నాడు. పైడితల్లి, "పదకొండేళ్లు నీ గిన్నె మూత తియ్యలేదు రసీదమ్మా" అని అమ్మ చేతులు పట్టుకుంది. నూకాలు మాత్రం ఏడవలేదు. "రమ్మను ఆడిని. నా కాలి ముందు నిలబడి సెప్పమను" అన్నాడు.

రండి. ఉత్తరంలో రాసింది నోటితో చెప్పండి. మీకు వినపడదు కాబట్టి వాళ్లు ఏమన్నా మీ దాకా రాదని అనుకోవద్దు. నేను మీ పక్కనే కూర్చుంటాను. నూకాలు అన్నదీ, పైడితల్లి అన్నదీ, మా అమ్మ అన్నదీ ఒక్క ముక్క వదలకుండా రాసి మీ చేతికిస్తాను. చదవండి.

అనమ్


బొబ్బిలి
జూలై 30

అనమ్‌కి,

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి వస్తున్నాను. కాంప్లెక్సుకి ఎవరూ రానక్కర్లేదు, దారి తెలుసు.

నువ్వు రాయడానికి కాగితాలు నేను తెస్తాను. ఎక్కువే తెస్తాను.

శుభాకర్